బొమ్మలు లేని పుస్తకం

ప్రియమైన పిన్నికి,

నా చేత్తో నేను చుక్కలు గుచ్చి రాసిన మొదటి ఉత్తరం ఇది. తప్పులుంటాయి. ప్రెస్సులో ప్రూఫులు దిద్దినట్టు దీన్నీ దిద్ది తిప్పి పంపావో, ఇక జన్మలో రాయను.

ఈ శిక్షణ కేంద్రంలో మా చేతికి ఫోన్లు ఇవ్వరు. మరీ అవసరమైతే ఆఫీసులోంచి మాట్లాడాలి, అది కూడా గుమాస్తా పక్కనే కూర్చుని వింటుండగా. "ఫోనుంటే వేళ్ళకి బద్ధకం" అంటుంది మా టీచరమ్మ. ఆవిడకి పుట్టుకతోనే చూపు లేదు. నడుస్తూ ఎవరికీ తగలదు, మేమే ఆవిడకి తగులుతుంటాం. నువ్వు కూడా బ్రెయిలీ పలక కొనుక్కుని నాతోపాటే నేర్చుకున్నావని చెబితే నమ్మలేదు. "చూపున్న పిన్నికి ఇంత ఓపికా!" అంది. మా పిన్ని అంతే అన్నాను.

అసలు సంగతికి వస్తాను. కాలేజీ నుంచి జవాబు వచ్చింది. కళ్ళు పోయిన ఏడాది నేను రాయకుండా వదిలేసిన పేపరు ఒక్కటి గట్టెక్కితే ఆఖరి సంవత్సరంలో చేర్చుకుంటారట. అది అల్గారిథమ్స్ పేపరు. సార్టింగ్, సెర్చింగ్. అంటే చెల్లాచెదురుగా ఉన్నవాటిని వరసలో పేర్చడం, పేర్చినవాటిలో కావలసినదాన్ని త్వరగా వెతికి పట్టుకోవడం. నా పాత నోట్సు నాకిప్పుడు తెల్లకాగితంతో సమానం. మంచి పుస్తకం ఒకటి కావాలి. ఇక్కడ ఒక యంత్రం ఉంది, అచ్చు పేజీ పెడితే చుక్కలుగా మార్చి ఇస్తుంది. పుస్తకం వెతికి పంపడం నీ వంతు, మిగతాది నేను చూసుకుంటాను.

అమ్మకి ఇంకా చెప్పలేదు. అమ్మ దృష్టిలో నేను ఇక్కడికి వచ్చింది చేతికర్రతో నడవడం, కాలకుండా టీ పెట్టుకోవడం నేర్చుకోవడానికి. ఆ రెండూ వచ్చేస్తే ఇంటికి తీసుకెళ్ళి కళ్ళలో పెట్టుకుని చూసుకుంటుందట. ఎవరి కళ్ళలోనో మరి.

నీ
పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకా,

నీ ఉత్తరాన్ని వేళ్ళతోనే చదివాను. కళ్ళతో చుక్కలు లెక్కపెడితే మోసం చేసినట్టే కదా! ఒక సాయంత్రమంతా పట్టింది. "పిన్ని" అన్నచోట "పన్ని" అని గుచ్చావు. దిద్దలేదు, ఊరికే చెబుతున్నాను.

శనివారం ప్రెస్సులో పని ముగించుకుని సాయంత్రం 9 గంటల బస్సు పట్టుకుని పెద్ద పుస్తకాల కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన నిచ్చెన మీద ఉన్నాడు.

"సార్టింగ్, సెర్చింగ్ నేర్చుకోవడానికి మంచి పుస్తకం కావాలండీ" అన్నాను.

"పరీక్షకా, ఉద్యోగానికా?"

"రెండింటికీ పనికొచ్చేది ఇవ్వండి. మళ్ళీ మళ్ళీ తిరగలేను."

నిచ్చెన దిగి, రెండు చేతులా మోసుకొచ్చి బల్ల మీద పడేశాడు. దుమ్ము లేచింది. "అందరూ కొనేది ఇదేనమ్మా. పేజీ పేజీకీ బొమ్మే. చిన్నపిల్లలక్కూడా అర్థమైపోతుంది." పుస్తకం తలగడంత ఉంది. అర్థం కాకపోయినా తల కింద పెట్టుకోవచ్చు కదా అనుకుని తీసుకున్నాను. ఈ మధ్య పుస్తకాలు అచ్చువేసేవాళ్ళకి కాగితం దగ్గర పిసినారితనం ఎక్కువైంది, అక్షరాలు చీమ తలకాయలంత వేస్తున్నారు. నీకా బాధ లేదులే.

అక్కకి నువ్వే చెప్పు. నేను చెబితే "కందకు లేని దురద కత్తిపీటకెందుకు" అంటుంది. అయినా ఎప్పుడు చెప్పాలో నీకు తెలుసు. పార్సిల్ విడిగా పంపుతున్నాను. కాళ్ళ మీద పడేసుకోకు.

ఆశీస్సులతో,
నీ "పన్ని"

*

ప్రియమైన పిన్నికి,

సాయంత్రం తొమ్మిది గంటల బస్సు ఏ ఊళ్ళో ఉందో చెప్పు, నేనూ ఎక్కుతాను! గుచ్చేటప్పుడు కాగితం వెనకనుంచి తిరగేసి గుచ్చాలి కదా, నువ్వు 5 ని తిన్నగా గుచ్చేసరికి అది 9 అయి కూర్చుంది. మా గదిలో అందరం నవ్వుకున్నాం. కోపం తెచ్చుకోకు, ఇక్కడ మొదటి నెలలో అందరూ చేసే తప్పే.

పుస్తకం వచ్చింది. యంత్రం వారం రోజులు మూలిగి చుక్కల కట్ట ఇచ్చింది. ఆశగా వేలు పెట్టాను. ఏముందో విను: "పక్క బొమ్మ చూడండి. ఎర్ర గడి, నీలం గడి చోట్లు మార్చుకున్నాయి. ఇప్పుడు మీకు స్పష్టంగా అర్థమై ఉంటుంది." తర్వాత పేజీ: "కింది బొమ్మ చూడండి." ఆ తర్వాత: "బాణం గుర్తును అనుసరించండి." బొమ్మలన్నీ యంత్రం మింగేసింది, మాటలు మిగిలాయి. తీరా ఆ మాటల్లో విషయమేమీ లేదు. స్పష్టంగా అర్థమైంది పిన్నీ, ఈ పుస్తకం రాసినాయన తలలో నేను లేనని.

కొట్టాయన తప్పేం లేదు. చూపున్నప్పుడైతే నేనూ అదే కొనేదాన్ని. ఇప్పుడు నాకు కావలసిన పుస్తకం ఎలా ఉండాలంటే, ఎవరో పక్కన కూర్చుని, "ఇదిగో, మొదటిదాన్ని చేతిలోకి తీసుకున్నాం, రెండోదాంతో పోల్చాం" అని చెబుతున్నట్టుండాలి. అలాంటిది దొరుకుతుందా? దొరక్కపోతే దొరకలేదని రాయి, నేనేం అనుకోను. (అనుకుంటాను.)

మాట నెమ్మదిగా చెప్పాను కానీ, ఆ కట్ట మూసేసిన రోజు అన్నం తినలేదు.

నీ
పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకా,

అన్నం మానేస్తే పుస్తకాలు దొరకవు. దొరికేది నీరసమే.

రెండో ప్రయత్నం సంగతి క్లుప్తంగా: విశ్వవిద్యాలయం లైబ్రరీకి వెళ్ళాను. అక్కడి లైబ్రేరియన్ చాలా మర్యాదస్తుడు, బొమ్మ ఒక్కటీ లేని పుస్తకం ఇచ్చాడు. సంతోషించాను. తీరా తెరిస్తే మాటలూ లేవు, అన్నీ గుర్తులే. "ఇది ఎవరు చదువుతారండీ?" అంటే, "రాసినవాళ్ళు" అన్నాడు. అక్కడే పెట్టేసి వచ్చాను.

మూడోసారి పాత పుస్తకాల వీధికి వెళ్ళాను. మెట్ల కింద ఒక ముసలాయన కొట్టు ఉంది. ఈసారి నేను తెలివి తెచ్చుకున్నాను. ఒక్కో పుస్తకం ఆయన చేతికే ఇచ్చి, "మధ్యలో ఎక్కడైనా తెరిచి ఒక పేజీ పైకి చదవండి" అన్నాను. స్టూలు మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాను.

"మీరు కొంటారా, నిద్రపోతారా?" అన్నాడు.

"చదవండి ముందు."

ఆయన చదివాడు. ఒకదానికి అరపేజీ దాటేసరికి నేను దారి తప్పాను. ఇంకోదానికి మొదటి వాక్యంలోనే. వచ్చేపోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఆయనకీ పట్టుదల వచ్చినట్టుంది, లోపలికి వెళ్ళి ఒక పలచటి పుస్తకం తెచ్చాడు. అట్ట ఊడిపోయింది. రాసినాయన ఏదో బడిలో పాఠాలు చెప్పేవాడట, పేరు కూడా చిరిగిపోయింది. అందులో ఇలా ఉంది: కరెంటు పోయింది. చీకట్లో కోట్లు తగిలించే గది. కోట్లన్నీ పొట్టివి ఎడమవైపు, పొడుగువి కుడివైపు వచ్చేలా వరసగా తగిలించి ఉన్నాయి. నీ కోటు ఎంత పొడుగో నీకు తెలుసు. ఒక చివరనుంచి తడుముకుంటూ వస్తావా? రాకు. సరిగ్గా మధ్య కొక్కేనికి వెళ్ళి ఆ కోటు అంచు పట్టుకో. నీదానికన్నా పొట్టిదైతే ఎడమవైపున్న కోట్లన్నిటినీ మర్చిపో. మిగిలిన సగంలో మళ్ళీ మధ్యకి వెళ్ళు...

కళ్ళు మూసుకునే ఆ గదిలో నడిచాను పిచ్చుకా. నా కోటు దొరికింది కూడా. కళ్ళు తెరిచేసరికి ముసలాయన చదవడం ఆపి నన్నే చూస్తున్నాడు. "ఇదేనా?" అన్నాడు. ఇదే అన్నాను.

చివర్లో చెట్ల పాఠం ఒకటుంది, దానికి మాత్రం బొమ్మలు తప్పలేదట పాపం. ఆ బొమ్మలు నేను చూసి నీకు మాటల్లో రాస్తాను. మిగతాదంతా యంత్రానికి పెట్టుకో. ఆ పాఠం దాకా రాగానే పుస్తకం నాకు పంపు.

వేళకి తిను.
నీ పిన్ని

*

ప్రియమైన పిన్నికి,

నువ్వు దొరికించింది పుస్తకం కాదు, మనిషిని! పేరు చిరిగిపోయిన ఆ మేష్టారు రోజూ నా మంచం పక్కన కూర్చుంటున్నారు. ఏ వాక్యమూ నన్ను బయట నిలబెట్టలేదు.

సార్టింగ్ పాఠాలు చదవడం కాదు, చేశాం. "చేశాం" అంటే నేనూ, టైలరమ్మా. ఆవిడ కూడా నా గదిలోనే ఉంటుంది. ముప్ఫై ఏళ్ళు బట్టలు కుట్టి, చూపు పోయాక కూడా గుండీల డబ్బా వెంట తెచ్చుకుంది. అవన్నీ మంచం మీద గుమ్మరించి చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా పేర్చాలన్నాను. ఆవిడ ఒక్కో గుండీ తీసి, వరసలో దాని చోటు తడిమి, మిగతావాటిని జరిపి అక్కడ పెడుతూ పోయింది.

"ఇంతోటిదానికి పుస్తకమెందుకమ్మా?" అంది.

"చిన్న గుప్పెడు కాబట్టి సరిపోయింది. డబ్బా మొత్తం ఇలాగే పేరుస్తారా?"

"అమ్మో, తెల్లారిపోతుంది."

అప్పుడు మేష్టారి మరో పద్ధతి చెప్పాను. డబ్బాని చిన్న చిన్న కుప్పలు చేసి, ఒక్కోటీ విడిగా పేర్చి, పేర్చిన రెండేసి వరసల్ని కలపడం. రెండు వరసల మొదటి గుండీలనే పోల్చి చూడాలి, ఏది చిన్నదైతే దాన్ని ముందు తీసుకోవాలి, అంతే. రెండు జతల చేతులు కదా, భోజనాల గంట కొట్టేలోపు డబ్బా ఖాళీ అయింది. టైలరమ్మ వరసంతా ఒకసారి నిమిరి చూసుకుని, "నా కొట్లో ఉన్నప్పుడు చెప్పకపోయావా!" అని నిట్టూర్చింది. గుడ్డిలో మెల్ల అంటారే, మా ఇద్దరిలో మెల్ల ఎవరో తేలలేదు కానీ మొత్తానికి పని జరిగిపోయింది.

అమ్మకి పరీక్ష సంగతి చెప్పాను. "మళ్ళీ ఆశ పెట్టుకుని మళ్ళీ పడితే లేపే ఓపిక నాకు లేదే" అంది. పడనని చెప్పాను.

పుస్తకం పంపుతున్నాను. చెట్ల బొమ్మలు త్వరగా చెప్పు. ప్రశ్నలు మాత్రం యంత్రం చుక్కల్లోకి మార్చి ఇచ్చింది, బొమ్మ లేక ఆగిపోయాను.

నీ
పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకా,

గుండీల కథ చదివి ప్రెస్సులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. కంపోజింగ్ కుర్చీల్లోవాళ్ళు నాకేమైందోనని చూశారు. ఈమధ్య నా బల్ల కిటికీ పక్కకి జరిపించుకున్నాను. ట్యూబులైట్లు ఎక్కడెక్కడివో తెచ్చి పెడతారు, మిణుకు మిణుకుమంటాయి.

ఇక చెట్టు. నిజం చెట్టు కాదట. అంకెల్ని కొమ్మల్లా వేలాడదీశారు, వేరు పైన, కొమ్మలు కిందికి. జాగ్రత్తగా విను.

అన్నిటికన్నా పైన 50. దాని కింద ఎడమవైపు 25, కుడివైపు 75. 25 కింద ఎడమవైపు 12, కుడివైపు 88. 75 కింద ఎడమవైపు 62, కుడివైపు 33. ఇంతే బొమ్మ.

దీని అర్థమేమిటో నేను చదవలేదు. కావాలనే చదవలేదు. ప్రూఫు చూసేవాళ్ళు అర్థం జోలికి పోకూడదు. అర్థంలో పడితే తప్పు కనబడదు, ఉండాల్సిన అక్షరమే కనబడుతుంది. ఉన్న అక్షరాన్ని ఉన్నట్టు చూడాలి, అదే మా వృత్తి ధర్మం. ఉన్నది ఉన్నట్టు రాశాను, అర్థం నువ్వు చూసుకో.

అక్క నాకూ ఫోను చేసింది. "దాన్ని ఎగదోస్తున్నది నువ్వేనా?" అంది. నేనే అన్నాను. పెట్టేసింది. నువ్వు మనసులో పెట్టుకోకు.

నీ పిన్ని

*

పిన్నీ,

చాలా రోజులుగా రాయలేదు. రాయడానికేమీ లేక.

చెట్టు నాకు రాలేదు. మేష్టారు నియమం చెప్పారు: ఏ అంకె దగ్గర నిలబడినా, దానికన్నా చిన్నవన్నీ ఎడమవైపు, పెద్దవన్నీ కుడివైపు ఉంటాయి. వెతికేటప్పుడు ప్రతి కొమ్మ దగ్గరా ఎటు తిరగాలో ఆ నియమమే చెబుతుంది. అర్థమైందనే అనుకున్నాను. మొదటి ప్రశ్న, "పై చెట్టులో 38 ని వెతకండి." 50 కన్నా చిన్నది, ఎడమకి వెళ్ళాను. 25 కన్నా పెద్దది, కుడికి వెళ్ళాను. అక్కడ 88 ఉంది. రెండో ప్రశ్న, "83 ని వెతకండి." కుడికి, మళ్ళీ కుడికి. అక్కడ 33 ఉంది. దొరకాల్సినవి దొరకలేదు, ఉండకూడనివి ఉన్నాయి.

నువ్వు చుక్కలు తిరగేసి గుచ్చావేమోనని కూడా చూశాను. 5 తిరగబడితే 9 అవుతుంది. 4 తిరగబడితే 6. 8 తిరగబడితే సున్నా. 3 మాత్రం తిరగేసినా 3 గానే ఉంటుంది. కాబట్టి అదీ కాదు. నీ కంట్లోంచి అచ్చుతప్పు జారిపోదని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఇక మిగిలింది నా బుర్రే. నియమం ఇంకేదో ఉంది, అది నాకు అందడం లేదు. రెండు వారాలుగా అదే చెట్టు చుట్టూ తిరుగుతున్నాను. గుండీలు పేర్చి గొప్పదాన్నయిపోయాననుకున్నాను.

ఒక్కసారి బొమ్మ మళ్ళీ చూసి చెబుతావా? అప్పుడూ ఇదే అయితే పరీక్ష వద్దని రాసేస్తాను. అమ్మ వచ్చే ఆదివారం కాకుండా పై ఆదివారం వస్తోంది. తనతో వెళ్ళిపోతాను.

పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకా,

నీ ఉత్తరం అందిన రోజే రాస్తున్నాను. బొమ్మ మళ్ళీ చూశాను, మధ్యాహ్నం ఎండలో, కిటికీ దగ్గర నిలబడి. నేను చెప్పిందే ఉంది. 25 కి కుడివైపు 88. 75 కి కుడివైపు 33. ఈ కళ్ళతో ఇరవై ఏళ్ళుగా ఎంతమంది తప్పులు పట్టాను, ఏడంకెల బొమ్మ దగ్గర పొరబడతానా?

పుస్తకం కూడా దీనితో పంపేస్తున్నాను. నువ్వు తొందరపడి కాలేజీకి ఏమీ రాయకు. అక్కకి నేను చెబుతాను. ఇంకో పుస్తకం చూస్తాను. దొరుకుతుంది. ఒక్క పాఠం రానంత మాత్రాన చదువంతా రానట్టు కాదు తల్లీ.

నీ పిన్ని

*

ప్రియమైన పిన్నికి,

ఆదివారం అమ్మ వచ్చింది. నా పెట్టె సర్దింది. బట్టలు ఒక్కోటీ లెక్కపెడుతూ మడతపెట్టింది, గెలిచిన సంతోషం గొంతులో లేదు. అట్ట లేని పుస్తకం చేతికి తగిలి, "ఇదేం చెయ్యను?" అంది.

ఎందుకన్నానో తెలీదు, "ఆ చివరి చెట్టు బొమ్మ ఒక్కసారి చదివి పెట్టమ్మా. తర్వాత పారేద్దాం" అన్నాను.

అమ్మ నా పక్కన మంచం మీద కూర్చుంది. "పైన యాభై. కింద ఇరవై అయిదు, డెబ్భై అయిదు. ఇరవై అయిదు కింద పన్నెండు, ముప్ఫై ఎనిమిది..."

"ఎనభై ఎనిమిది కదా?"

"కాదే. ముప్ఫై ఎనిమిది. స్పష్టంగా ఉంది."

"డెబ్భై అయిదు కింద కుడివైపు?"

"ఎనభై మూడు."

నాకు ముందు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ముప్ఫై ఎనిమిది ఉండాల్సిన చోటే ఉంది. ఎనభై మూడూ ఉంది. నియమం నాకు వచ్చింది, మొదటి రోజే వచ్చింది! అమ్మని పట్టుకుని ఊపేశాను. అమ్మకి అర్థం కాలేదు. నీ ఉత్తరాల్లో ఏముందో చదివి చెప్పాను. రెండోసారి కూడా చూసి రాశావని చెప్పాను.

అమ్మ పుస్తకం మూసి పక్కన పెట్టింది.

"మీ అమ్మమ్మకి కూడా మూడూ ఎనిమిదీ ముందు కలిసిపోయాయి" అంది. "బస్సు నంబర్లు తప్పు చెప్పేది. మేం నవ్వేవాళ్ళం."

పిన్నీ, చుక్కల్లో 3 ఎప్పటికీ 8 కాదు. 3 ని 8 గా, 8 ని 3 గా చూసేవి వేళ్ళు కావు, కళ్ళు. అప్పుడు ఒక్కొక్కటే తోచాయి నాకు. పాత పుస్తకాల కొట్లో ఆ ముసలాయన చేత చదివించుకున్నావు. నా ఉత్తరాలు వేళ్ళతో చదువుతానన్నావు. చీమ తలకాయల్లాంటి అక్షరాలన్నావు. బల్ల కిటికీ దగ్గరికి జరిపించుకున్నావు. అన్నీ నాకు రాశావు, ఒక్క మాట తప్ప.

ఎప్పటినుంచి?

కోపంతో అడగడం లేదు. నీ అంకెల వల్ల ఇన్ని వారాలు నేను పడ్డది నీకు తెలియాలి, అందుకే దాచకుండా రాశాను. కానీ నువ్వు ఒక్కదానివీ ఎన్ని రోజులు పడ్డావో నాకు తెలియాలి. అమ్మ నా పెట్టె మళ్ళీ విప్పేసి బట్టలు అలమరలో పెట్టింది. సాయంత్రం బండికే వెళ్ళిపోయింది, ఇంటికి కాదు, నీ దగ్గరికి.

పరీక్ష రాస్తున్నాను.

నీ
పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకా,

జవాబు ఆలస్యం చేశాను. నీ పరీక్ష అయ్యేదాకా రాయకూడదనుకున్నాను. నిన్న నువ్వు ఆఫీసు ఫోనులోంచి చెప్పిన మాట అక్క నాకు చెప్పింది. చెప్పి, ఫోను పెట్టేసి, వంటగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చింది. గట్టెక్కావు! అదీ మామూలుగా కాదట. చెట్టు గీయమన్న ప్రశ్నకి, "గీయలేను, పేర్చి చూపిస్తాను" అని బల్ల మీద గుండీలతో చెట్టు కట్టావట. పరీక్షకులు లేచి వచ్చి చుట్టూ నిలబడ్డారట. అక్క ఇదంతా ఈ ఇంటి మెట్లెక్కే ప్రతివాళ్ళకీ చెబుతోంది. ఇన్నాళ్ళూ వద్దన్నది తనేనని ఎవరైనా గుర్తుచేస్తే బాగుండదు, నేను గుర్తుచెయ్యడం లేదు.

నువ్వడిగినదానికి జవాబు: నీకన్నా ముందునుంచే. నీది ఒక్క వర్షాకాలంలో ముగిసింది. నాది అంచులు కొరుక్కుంటూ నెమ్మదిగా వచ్చింది. డాక్టరు చెప్పిన రోజునే మీ ఇంటికి బయల్దేరాను, అక్కకి చెప్పుకుందామని. వచ్చేసరికి నువ్వు గోడ పట్టుకుని నడుస్తున్నావు. మీ ఇల్లు తగలబడుతుంటే మా ఇంట్లో పొగొస్తోందని ఎలా చెప్పను? ఆ తర్వాత చెప్పే రోజు ఏదీ రాలేదు. నీకు తోడుగా నేర్చుకుంటున్నానని చెప్పి బ్రెయిలీ మొదలుపెట్టాను. అది అబద్ధం కాదు, సగం నిజం.

అయితే చెట్టు దగ్గర చేసింది వేరు. నువ్వు రెండోసారి అడిగినప్పుడు ఎండలో నిలబడి చూశాను కదా, ఆ అంకెలు నాకు తేలలేదు. మూడూ ఎనిమిదీ ఒకదానిలోంచి ఒకటి పుట్టుకొస్తున్నాయి. పక్కింటివాళ్ళని పిలిచి చదివించుకోవచ్చు. పిలవలేదు. పిలిస్తే నాకు కనబడటం లేదని నేనే పైకి అన్నట్టవుతుంది. దానికన్నా నీ బుర్ర మీద అనుమానం వదిలెయ్యడం తేలికైంది. ఇది నాకు నేను చెప్పుకోవడానికి ఇన్ని రోజులు పట్టింది. నువ్వు కోపంతో రాయలేదన్నావు. కోపం వచ్చి ఉంటే నాకు కొంచెం సులువయ్యేది.

అక్క వచ్చిన రాత్రి తలుపు తియ్యగానే, పలకరింపు కూడా లేకుండా పేపరు నా ముందు చాపి "చదువు" అంది. పెద్దక్షరాలు చదివాను. "కింద?" అంది. నేను పేపరు తిరిగి తన చేతికిచ్చేశాను. తను పేపరు మడిచి, గిన్నెలు కడిగి, టీ పెట్టి, నా ఎదురుగా కూర్చుని, "ఇద్దరూ ఇద్దరే" అంది. అంతే. మర్నాడు నాతో ప్రెస్సుకి వచ్చింది. యజమానికి ముందే తెలుసట. నేను దిద్దిన ప్రూఫుల్ని కొన్నాళ్ళుగా ఆయనే ఇంటికి తీసుకెళ్ళి మళ్ళీ చూసుకుంటున్నాడట. "మీరు చెబుతారని ఆగానండీ" అన్నాడు. నేను దాచుకున్నాననుకున్న సంగతి చుట్టుపక్కల అందరూ నాకోసం దాచిపెడుతున్నారు. నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు.

ప్రూఫులు మానేశాను. మీ కేంద్రానికి దరఖాస్తు అక్క రాసింది, సంతకం నేను పెట్టాను. ఒకటో తారీఖున వస్తున్నాను. నువ్వు కాలేజీకి వెళ్ళేలోపు కొన్ని వారాలు ఒకే చోట ఉంటాం. అక్షరాలు వచ్చు కాబట్టి మీ టీచరమ్మ నా చేత నేరుగా కర్ర పట్టిస్తుందేమో. ఆ చెట్టు పాఠం నాకు నువ్వు చెప్పాలి, అర్థంతో సహా.

ఒక్క కోరిక. నా మంచం కిటికీ పక్కన వేయించమను. పొద్దున్నపూట వెలుతురు నాకింకా తెలుస్తోంది.

నీ
పిన్ని